జేజినాయన ఎడమ భుజం

బావ పోయిన నెల వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. అక్రోటు చెక్క దిమ్మ, దాన్ని తొలుస్తున్న ఒక ముసలాయన, ఇరవై నిమిషాల పాటు ఉలి చప్పుడు తప్ప మాటా పలుకూ లేదు. చివరికి ఆ దిమ్మ ఒక డబుల్ బ్యారెల్ తుపాకీకి మడమ అయింది, అంటే భుజానికి ఆనే వెనక చెక్క. నూనె గుడ్డతో ఒక్కసారి తుడవగానే చెక్కలోని చారలన్నీ పైకి తేలాయి. కింద బావ మెసేజ్: "బామ్మర్దీ, మీ జేజినాయన తుపాకీకి ఇట్లాంటిది చేయిద్దాం. ఖర్చు నాది. నీ కొలతలు పంపు."

టేపు కొనుక్కొచ్చాను. మూడు వారాలుగా అది బల్ల మీదే ఉంది. ఎందుకు కొలవలేకపోతున్నానో ఫోన్లో చెప్పబోతే నాకే మాటలు కుదరలేదు. "సెంటిమెంటురా నీది" అని బావ తేల్చేశాడు. సెంటిమెంటు ఉంది, కాదనను. కానీ అదొక్కటే కాదు. వేట లేని చోట వేట తుపాకీని ఒంటికి సరిపోయేట్టు చేయించుకోవడంలోనే ఏదో తిరకాసు ఉంది. అదేంటో రాస్తే గానీ నాకు తెలిసేట్టు లేదు.

తుమ్మ మడమ

తుపాకీ బర్మింగ్‌హామ్‌ది. కంపెనీ పేరు ఉండాల్సిన చోటు చేతులు రాసుకుని నున్నగా అయిపోయింది. గొట్టాలు విప్పి తిరగేస్తే మాత్రం, తుపాకుల్ని పరీక్షించే అక్కడి ప్రూఫ్ హౌస్ వాళ్ళు కొట్టిన ముద్రలు ఇప్పటికీ చదవొచ్చు. నైట్రో ప్రూఫ్ (పొగరాని మందుకి పరీక్షించినట్టు), 1⅛ ఔన్సు గుండ్లు, ఎడమ గొట్టం కింద చోక్ (మూతి దగ్గర ఇరుకు). అంటే కుడి గొట్టం గుండ్లని వెంటనే విప్పార్చి వదులుతుంది, ఎడమది కొంచెం దూరం దాకా గుత్తిగా పట్టి పంపుతుంది. పిట్ట కాళ్ళ దగ్గర లేస్తే ముందు మీట, కుడి గొట్టం. అది తప్పితే, ఈలోపు పిట్ట దూరమై ఉంటుంది కాబట్టి వెనక మీట, ఎడమ గొట్టం. ఒక తుపాకీకి రెండు మీటలెందుకని చిన్నప్పుడు అడిగితే, "ఒకటి ఆశకి, ఒకటి దురాశకి" అనేవాడు జేజినాయన.

అక్కడి దాకా ఇంగ్లీషు తుపాకీ. దాని వెనక భాగమంతా మదనపల్లె తుపాకీ. అసలు మడమ ఎద్దులబండి మీంచి జారిపడి, మెడ దగ్గర విరిగిపోయిందట. ఊళ్ళో నాగళ్ళు చేసే ఆచారి తుమ్మ చేవతో కొత్తది చెక్కాడు. ఆయనకి తెలిసిన గట్టి చెక్క అదే మరి. జేజినాయన్ని ఎండలో నిలబెట్టి, ఒక కర్ర భుజానికి ఆనించి పట్టుకోమని, దారంతో కొలిచాడట. జేజినాయనది పుర్రచెయ్యి. అందుకని మడమ ఎడమ పక్కకి ఒంపు తిరిగింది. మనిషి పొట్టి. అందుకని మీట నుంచి మడమ కొస దాకా పదమూడున్నర అంగుళాలే. నాకు పద్నాలుగున్నర కావాలి. కొసన రబ్బరు ప్యాడ్ బదులు పాత చెప్పు తోలు, రెండు పొరలు, చిన్న మేకులతో కొట్టి ఉంటుంది. చెంప ఆనే చోట ఆముదమూ చెమటా ఇంకి, ఆ మేరకు చెక్క నల్లగా నిగనిగలాడుతుంది.

తుమ్మ మంచి చేవ గల మానే, కానీ బరువు. గుండ్ల బరువుకి 96 రెట్లు తుపాకీ బరువుండాలని, తుపాకులు చేసే గ్రీనర్ చెప్పిన పాత లెక్క ఒకటుంది. 1⅛ ఔన్సుకి ఆ లెక్కన మూడు కిలోలు దాటి కొంచెం. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూచే కాటాకి దీన్ని తగిలిస్తే ముల్లు మూడున్నర దగ్గర ఆగింది. ఎక్కువైన బరువంతా వెనకే ఉంది. దాంతో గొట్టాలు తేలికైపోయి, ఎత్తగానే మూతి గాల్లో తచ్చాడుతుంది.

నేనేమో కుడిచేతివాణ్ణి. తుపాకీ మనకి సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. ఖాళీ తుపాకీ, అదీ రెండుసార్లు విప్పి చూసుకున్నాక, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తాలి. చెంప ఆన్చి, అప్పుడు కళ్ళు తెరవాలి. గొట్టాల మధ్య పట్టీ తిన్నగా, చివర పూస దాని మీద నిలబడి కనపడితే కొలత కుదిరినట్టు. బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా ఫ్లాట్ కర్టెన్లు వేసుకుని నేను చూశాను. కళ్ళు తెరిస్తే కనపడింది పట్టీ కాదు, ఎడమ గొట్టం పక్కటెముక. ఒంపు నా చెంపని ఎడమకి నెట్టేస్తోంది. చెంప దగ్గర సెంటీమీటరు తేడా ముప్పై మీటర్ల అవతల అడుగు తేడా అవుతుంది. నేను కాల్చే ప్రతి గుండూ పిట్టకి ఎడమ పక్కగా ఆకాశంలోకి పోతుందన్నమాట. అహింస పాటించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

పుంజు లేచిన క్షణం

బావ మాట తీసిపారెయ్యలేను. ఆయన ఉత్త కబుర్ల మనిషి కాదు. అక్కా బావా మినియాపొలిస్‌లో ఉంటారు. అక్టోబరులో ఫెజంట్ అనే కోడి జాతి పిట్టల వేట సీజన్ మొదలవగానే ఆయన సౌత్ డకోటా వెళ్తాడు. వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. నా చేతిలో తుపాకీ లేదు, ఒంటి మీద నారింజ రంగు కోటు మాత్రం ఉంది.

కోసేసిన మొక్కజొన్న చేను పక్కన నడుము ఎత్తు గడ్డి. ముందు కుక్క. రెండు గంటలు నడిచినా ఏమీ లేదు. కాలి వేళ్ళు తిమ్మిరెక్కాయి. అంతలో కుక్క ఒక చోట నిలబడిపోయింది, ముందు కాలు ఒకటి గాల్లో. బావ రెండడుగులు వేశాడు. గడ్డి పేలినట్టు టపటపమని ఒక పిట్ట లేచింది. "పెట్ట!" అని అరిచి బావే తుపాకీ దించేశాడు. అక్కడ పుంజుల్నే కొట్టాలి, అవీ మనిషికి రోజుకి మూడే. మరో పది అడుగుల్లో రెండోది లేచింది. రాగి రంగు ఒళ్ళు, తెల్లటి మెడ పట్టీ, పొడుగు తోక. బావ తుపాకీ ఎత్తడం నేను చూడలేదు. అది ఎప్పుడో భుజం మీద ఉంది. ఆయన కళ్ళు పుంజు మీదే ఉన్నాయి, తుపాకీని ఒక్కసారి కూడా చూడలేదు. మొదటిది తప్పింది. వేలు వెనక మీట మీదికి ఎప్పుడు జారిందో, రెండోదానికి పుంజు గాల్లోనే ముడుచుకుపోయింది.

కొలత కుదరడం అంటే ఏంటో నాకు ఆ రోజు తెలిసింది. మెట్లు దిగేటప్పుడు కాళ్ళ వైపు చూస్తామా? తుపాకీ అలా ఒంట్లో భాగమైపోవాలి. గురి చూసే వ్యవధి ఉండదు, చూస్తే తప్పుతుంది కూడా. ఒంపు, పొడవు, చెంప ఎత్తు, ఈ కొలతలన్నీ ఆ అర సెకను కోసమే.

సాయంత్రం అక్క దాన్ని అచ్చం నాటుకోడి పులుసులాగే వండింది. ముందు దాని మేతసంచి కోసి చూపించింది, నిండా మొక్కజొన్న గింజలు. తింటుంటే నా పంటి కింద ఏదో తగిలింది. తీసి స్టీలు పళ్ళెంలో వేస్తే టింగుమంది. ఆవగింజ కంటే కొంచెం పెద్ద గుండు. పక్కన పెట్టి రెండోసారి వడ్డించుకున్నాను. కాబట్టి ఇక్కడ నేను నీతులు చెప్పే హోదాలో లేను. అది తెలిసే రాస్తున్నాను.

బావ దగ్గర ఇంకో వాదన ఉంది, అది ఇంకా గట్టిది. అమెరికాలో 1937 నుంచి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ఉంది. వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బు వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి ఇస్తారు. "నేను కొనే ప్రతి తూటా అక్కడ గడ్డి మొలిపిస్తోంది. మీరు వేట మాన్పించారు సరే, మీ గడ్డి ఎక్కడుంది?" అంటాడు. ఈ ప్రశ్న దగ్గర నాకు నిజంగానే నోరు పెగలదు. దానికి తర్వాత వస్తాను. ఒక్కటి మాత్రం అప్పుడే చెప్పాను: ఫెజంట్ వాళ్ళ పిట్ట కాదు. 1880లలో చైనా నుంచి తెచ్చి ఆరిగన్‌లో వదిలితే నిలదొక్కుకున్న పిట్ట. సౌత్ డకోటాలో మొదటి సీజన్ 1919లో పెట్టారు. లెక్కపెట్టి పెంచుకుని, లెక్కపెట్టి కొట్టుకుంటున్నారు. మన కౌజు పిట్టల్ని ఎవరు లెక్కపెట్టారు?

కొత్తదానిలా చేసేస్తాం సార్

ఒక విషయం చాలామంది తప్పుగా అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఒక్కసారిగా ఆగిపోలేదు. ఆ చట్టంలోనే లైసెన్సు తీసుకుని చిన్న వేట ఆడే వీలు ఉండేది. దాన్ని పూర్తిగా ఎత్తేసింది 1991 సవరణ. జేజినాయన ఏనాడూ వేట లైసెన్సు తీసుకోలేదు. 1972కి ముందు అవసరం లేదనుకున్నాడు, తర్వాత ఎవరూ అడగలేదు. హార్స్‌లీ కొండ కింద చెనక్కాయ చేలలో తెల్లారుజామున తిరిగి, నడుముకి కట్టుకున్న తాడుకి మూడో నాలుగో కౌజుల్ని వేలాడదీసుకుని వచ్చేవాడని అమ్మ చెబుతుంది. అమ్మకి ఆ తుపాకీ ఎప్పుడూ నచ్చలేదు. ఈకలు పీకే పని కోడలిదే కదా మరి.

నాన్నకి డెబ్బై దాటాక, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం వారసుడిగా అది నా పేరు మీదికి వచ్చింది. మదనపల్లె నుంచి బెంగళూరుకి కాగితాలు నడిచిన కథ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేద్దాం. ప్రతి ఎన్నికలకీ డిపాజిట్ చెయ్యమంటారు. 2024లో అలాగే ఒక డీలరు దగ్గర పెట్టాను. మూడు నెలల తర్వాత తీసుకుంటే కుడి గొట్టం మీద పావలా బిళ్ళంత తుప్పు. అడిగితే ఆయన ఏమాత్రం మొహమాటపడలేదు. "బఫింగ్ పెట్టేసి, మళ్ళీ నల్లరంగు ఎక్కించేస్తాం సార్, కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు. కావాలంటే చోక్ కూడా కొంచెం తొలిచి విప్పుతానన్నాడు.

బఫింగ్ చక్రం కింద ముందు పోయేవి ఆ ముద్రలే. అవి అలంకారం కాదు. ఈ గొట్టం ఎంత మందుకి తట్టుకుంటుందో పరీక్షించి కొట్టిన గుర్తులు. నంబరు చెరిగిపోతే అది 1959 ఆయుధాల చట్టం కింద నేరం కూడా. గొట్టం పొట్టి చేయించడమూ అంతే, మన ఇష్టం కాదు. తొలిచిన చోక్‌లోంచి పోయిన ఇనుము తిరిగి రాదు. అమెరికా వీడియోల్లో "మీ తుపాకీ, మీ ఇష్టం" అన్నట్టుంటుంది. మన దగ్గర తుపాకీ మనది కాదు, ప్రభుత్వం మన దగ్గర ఉంచిందంతే. మొదట్లో ఈ మాట నాకు చిరాకుగా ఉండేది. ఇప్పుడు అంత అనిపించట్లేదు. తుప్పుని నేనే నూనె, సన్నటి ఇనప పీచుతో నాలుగు ఆదివారాలు కూర్చుని తీశాను. మచ్చ మిగిలింది, ఉండనీ.

మడమ సంగతి వేరు. చట్టం దాని జోలికి పెద్దగా రాదు, లైసెన్సున్న మేస్త్రీ చేస్తే చాలు. కొత్తది చెక్కించక్కర్లేదు కూడా. వేడి అవిసె నూనె మడమ మెడ మీద పోస్తూ, బిగింపు పెట్టి మెల్లగా కుడికి ఒంచుతారు. తుమ్మ చేవ అలా ఒంగుతుందో విరుగుతుందో గానీ, అక్రోటుకి అది మామూలే. అంటే అడ్డం చట్టమూ కాదు, పనితనమూ కాదు. నేనే.

బావ వేసిన దెబ్బ

"మీ జేజినాయన ఇంగ్లీషోడి మడమ తీసేసి తన మడమ పెట్టుకున్నాడు. అప్పుడు ఒరిజినల్ పోయిందని ఎవరైనా ఏడ్చారా? మార్చుకోవడమే దాని సంప్రదాయంరా. మార్చకపోతే అది తుపాకీ కాదు, దండ వేసిన ఫోటో" అన్నాడు బావ.

వారం రోజులు దీనికి జవాబు దొరకలేదు. ఆఫీసులో నా పక్క సీటు అతను కొడవ, కొడగు ప్రాంతం వాడు. అతన్ని కదిపాను. కొడగు వాళ్ళకి ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఉంది, 2029 దాకా పొడిగించారు, 2021లో కర్ణాటక హైకోర్టూ సరే అంది. కైల్‌పోద్ పండక్కి తుపాకీలకి పూలు పెట్టి పూజ చేస్తారు. "మా ఇంట్లో మగపిల్లాడు పుడితే ఒకసారి గాల్లోకి కాలుస్తాం. మనిషి పోతే రెండుసార్లు. వేట లేకపోయినా తుపాకీకి పనుంది" అన్నాడు. విని కొంచెం అసూయపడ్డాను. వాళ్ళ తుపాకీకి వేట పోయినా పని మిగిలింది. దానికి ఎవరి చెంప కొలతా అక్కర్లేదు, ఆకాశానికి గురి ఏముంది? మా తుపాకీకి ఉన్న ఒకే ఒక్క పని చెనక్కాయ చేలో లేచే కౌజు.

ఆ మాట దగ్గరే నాకు జవాబు దొరికింది. జేజినాయన మడమ మార్చింది మార్చాలని కాదు, విరిగింది కాబట్టి. కొత్తది తన ఒంటికి కొలిపించుకున్నది, మర్నాడు తెల్లారుజామున పిట్ట లేస్తుంది కాబట్టి. కొలతకి ముందు ఆ పిట్ట ఉంది. నా కొలతకి ముందు ఏముంది? ఒక వీడియో ఉంది. నేను నా భుజానికి దీన్ని సరిచేయించుకుంటే, ఎన్నడూ రాని, రాకూడదని నేనే అనుకునే ఒక అర సెకను కోసం ముస్తాబవుతున్నట్టు. పెళ్ళి వద్దంటూనే బట్టలు కుట్టించుకున్నట్టుంటుంది.

క్లే టార్గెట్లు కొట్టుకోవచ్చు కదా అంటారు. కొట్టుకోవచ్చు. 110 మిల్లీమీటర్ల పళ్ళేలు, ఒలింపిక్స్‌లో ఎగరేసేవి. కానీ దానికి పైనొకటి కిందొకటి గొట్టాలుండే తుపాకీలే వాడతారు, ఆ ఆటకి అవే బాగుంటాయి. పైగా పాత ఇంగ్లీషు తుపాకుల్లో తూటా గది సాధారణంగా రెండున్నర అంగుళాలే ఉంటుంది. ఇప్పుడు మామూలుగా దొరికే తూటా దానికంటే పావు అంగుళం పొడవు. లోపల సరిపోయినట్టే అనిపిస్తుంది, పేలాక దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలదు. ముసలి గొట్టాలతో ఆ పరాచికాలు వద్దు. నాకు ఆట కావాలంటే ఆట తుపాకీ కొనుక్కుంటాను. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఎలాగూ రెండింటి దాకా ఉంచుకోనిస్తోంది.

హెసరఘట్ట గడ్డి

"మీ గడ్డి ఎక్కడుంది?" అని కదా బావ అడిగింది. జనవరిలో ఒక ఆదివారం మా అమ్మాయిని హెసరఘట్ట తీసుకెళ్ళాను. బెంగళూరు పక్కనే మిగిలిన పెద్ద గడ్డి మైదానం అది. సంరక్షణ ప్రాంతంగా ప్రకటించమంటే 2021లో వన్యప్రాణి బోర్డు వద్దంది, 2024లో సరే అంది. ఏ తూటా పన్నూ లేకుండానే, పట్టువదలకుండా అడిగిన కొంతమంది వల్ల. అంటే బావ లెక్క తప్పని కాదు, అదొక్కటే లెక్క కాదని. అయితే ఇలాంటి చోట్లు ఎన్నున్నాయి మనకి? మదనపల్లె దగ్గర జేజినాయన తిరిగిన చేలలో సగం ప్లాట్లయ్యాయి. కౌజుని తుపాకీ ఎంత తిన్నదో, ఉచ్చులు, వలలు, చదును చేసిన రాళ్ళ గుట్టలు అంతకంటే ఎక్కువే తిని ఉంటాయని నా అనుమానం. ఆ మాట జేజినాయన్ని వెనకేసుకు రావడానికి అంటున్నానేమోనని కూడా నా అనుమానం.

కౌజు ముందు వినపడింది, తర్వాత కనపడింది. దారి పక్క ముళ్ళ పొద కింద రెండు. మేం ఆగితే ఆగాయి, కదిలితే పరిగెత్తాయి. కౌజుకి ఎగరడం చివరి మాట, కాళ్ళనే నమ్ముకుంటుంది. పిల్ల చెప్పు కింద పుల్ల విరిగింది. రెండూ ఒక్కసారే బుర్రుమని లేచి, నేలకి ఆనుకుని తిన్నగా పోయాయి. నా కుడి చెయ్యి దానంతటదే ఒక జానెడు పైకి లేచింది. అమ్మాయి చూసి, "ఏం నాన్నా, బై చెప్తున్నావా?" అంది. అవునన్నాను.

ఇంటికొచ్చి ఆ రాత్రి మళ్ళీ కర్టెన్లు వేశాను. ఈసారి తుపాకీని ఎడమ భుజానికి ఎత్తాను. అంతా అడ్డదిడ్డంగా ఉంది. గొట్టాలు విప్పే పైమీట కుడి బొటనవేలికని చేసింది, జేజినాయన దాన్ని ఎట్లా తిప్పేవాడో చెయ్యి చుట్టేసి చూస్తే గానీ అర్థం కాలేదు. నాది కుడికంటి చూపు, కాబట్టి కుడి కన్ను మూసుకోవాల్సొచ్చింది. మడమ పొట్టిదైనందుకు మెడ వంచాల్సొచ్చింది. వంచి, చెంప ఆ నల్లటి చోట ఆన్చి, కన్ను తెరిచాను. పట్టీ తిన్నగా ఉంది, చివర పూస సరిగ్గా దాని మీద ఉంది.

బావకి ఫోన్ చేసి కొలతలు పంపనని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "సరే, కనీసం ఆ చెప్పు తోలన్నా మార్పించు, పొడి రాలిపోతోంది" అన్నాడు. అది నిజమే. వీడియో కాల్లో చూసినట్టున్నాడు.

మా రోడ్డు మలుపులో కానుగ చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఉంటాడు. తుపాకీ తీసుకెళ్ళలేను కదా, పాత తోలు ఊడదీసి, దాని ఆకారం అట్ట మీద గీసి కత్తిరించి, రెండూ ఇచ్చాను. అదే మందం ఉండాలి, ఒక నూలు కూడా ఎక్కువ వద్దన్నాను. ఆయన అట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం మడమ సార్, ఇంత సన్నగా ఉంది? ఏ కాలిది?"

ఎడమ కాలిదని చెప్పాను.